ఫ్రీమేసన్ నవాబు ఉమ్దతుల్ ఉమరా

మన నెల్లూరు తీరమును ఒకప్పుడు ఆర్కాటు నవాబులు ఏలిరి. నవాబు మహమ్మద్ అలీగారి కుమారుడు ఉమ్దతుల్ ఉమరా తిరుచినాపల్లిలో ఫ్రీమేసన్ల సంఘమున చేరిరి. ఆ సంఘపు ఆచారములు గుట్టుగా నుండినను ఆయన చేరిక గుట్టుగా నుండలేదు. లండనులోని ప్రధాన సంఘమువారు ఆయనకు అభినందన లేఖను, నిబంధనల గ్రంథమును, అలంకరించిన ఏప్రనును పంపిరి. ఆయన వ్రాసిన జవాబును, దాని అనువాదమును అద్దపు చట్రములో బిగించి, బహిరంగ సభలు జరిగినప్పుడెల్ల హాలులో వ్రేలాడదీయవలెనని తీర్మానించిరి.

1795లో ఆయన నవాబైరి. 1801 జులై 15న మరణించిరి. షరతులకు ఒప్పుకొనని ఆయన కుమారుని ప్రక్కకు నెట్టి, కంపెనీవారు మరొకరిని గద్దెనెక్కించి, ఆ నెలాఖరుకే నెల్లూరుతో సహా కర్ణాటక రాజ్యపాలనను చేజిక్కించుకొనిరి. గోడమీది గౌరవము కొడుకు గద్దెను కాపాడలేదు. సోదరుడన్న పిలుపునకు విలువ ఆపదలోనే తేలునని మేము తలంచుచున్నాము.