కె.వి.రెడ్డి

కె.వి.రెడ్డిగా ప్రసిద్ధులైన కదిరి వెంకటరెడ్డి (జూలై 1, 1912 - సెప్టెంబరు 15, 1972) తెలుగు చలనచిత్ర దర్శకులు, నిర్మాత, చిత్రానువాద రచయిత. పౌరాణిక, జానపద, సాంఘిక చిత్రాలు మూడింటిలోనూ ఆయన విజయం సాధించారు. పాతాళ భైరవి (1951), మాయాబజార్ (1957), జగదేకవీరుని కథ (1961) ఆయన పేరును తరతరాలకు నిలిపిన చిత్రాలు. మాంత్రికుని చెరలో రాకుమారి, ఆమెను విడిపించే సాహసి అనే పాత కథకు హాస్యాన్ని జోడించి, పెద్దలూ పిల్లలూ కలిసి నవ్వుకుంటూ చూడగల వినోదంగా మలచిన వారిలో ఆయన అగ్రగణ్యులు.

తొలి జీవితం

కె.వి.రెడ్డి అనంతపురం జిల్లా తాడిపత్రిలో జన్మించారు. మద్రాసులోని ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రం ప్రధాన విషయంగా పట్టభద్రులయ్యారు. శాస్త్ర విద్యార్థికి ఉండే కొలత, లెక్క, క్రమశిక్షణ ఆయన సినిమా పనిలో చివరి వరకు కనిపిస్తాయి.

తాడిపత్రికే చెందిన మూలా నారాయణస్వామి ఆయనకు మిత్రుడు. వ్యాపార కుటుంబం నుండి వచ్చిన నారాయణస్వామి, దర్శకుడు బి.ఎన్.రెడ్డితో కలిసి వాహినీ సంస్థ స్థాపనకు తోడ్పడ్డారు. ఆ పరిచయం వల్ల కె.వి.రెడ్డి సినిమా రంగంలో ప్రవేశించారు. ఆయన మొదట చేపట్టినది దర్శకత్వ శాఖ కాదు, లెక్కలు, నిర్మాణ వ్యవహారాలు. వందేమాతరం (1939), సుమంగళి (1940), దేవత (1941) వంటి వాహినీ చిత్రాల కాలంలో బి.ఎన్.రెడ్డి పనితీరును దగ్గరగా పరిశీలించే అవకాశం ఆయనకు కలిగింది. ఒక దృశ్యానికి ఎంత ఖర్చవుతుందో, ఎంత ఫిలిం పడుతుందో తెలిసిన తరువాతనే ఆయన దర్శకుడయ్యారు.

వాహినీలో దర్శకుడిగా

దర్శకుడిగా కె.వి.రెడ్డి మొదటి చిత్రం భక్త పోతన (1943). చిత్తూరు నాగయ్య పోతనగా నటించిన ఈ చిత్రం ఘన విజయం సాధించింది. దాని తరువాత నాగయ్యతోనే యోగి వేమన (1947) నిర్మించారు. ఈ రెండూ కవుల జీవితాలు, భక్తివైరాగ్యాలు ప్రధానమైన కథలు. వాటిని చూసినవారు ఇదే దర్శకుడు తరువాత మాంత్రికులతో, రాక్షసులతో ప్రేక్షకులను నవ్విస్తాడని ఊహించి ఉండరు.

ఆ మలుపు గుణసుందరి కథ (1949) తో వచ్చింది. షేక్స్పియర్ రచించిన లియర్ రాజు నాటకంలోని ముగ్గురు కూతుళ్ళ కథను తెలుగు జానపద వాతావరణంలోకి తెచ్చిన చిత్రమిది. పెళ్ళయిన స్త్రీకి భర్తే సర్వస్వమని నిజం చెప్పినందుకు చిన్న కూతురు గుణసుందరి తండ్రి ఆగ్రహానికి గురై, ఒక కురూపికి భార్య కావలసి వస్తుంది. జూనియర్ శ్రీరంజని గుణసుందరిగా, కస్తూరి శివరావు ఆమె భర్తగా నటించారు. అప్పటికి హాస్యనటుడిగానే తెలిసిన శివరావును నాయకునిగా తీసుకోవడం సాహసమే. విషాద నాటకాన్ని హాస్యరసంతో నడిపించవచ్చునని ఈ చిత్రం నిరూపించింది. రచయిత పింగళి నాగేంద్రరావుతో కె.వి.రెడ్డికి ఏర్పడిన దీర్ఘకాల సాహచర్యం కూడా ఈ చిత్రంతోనే ఆరంభమైంది.

పాతాళ భైరవి

బి.నాగిరెడ్డి, చక్రపాణి స్థాపించిన విజయా సంస్థ రెండవ చిత్రం పాతాళ భైరవి. 1947 జూలైలో చందమామ పిల్లల మాసపత్రికను ప్రారంభించినవారు కూడా వీరే. పత్రికలో బొమ్మలతో వచ్చే కథల లోకాన్నే విజయా సంస్థ తెరపైకి తెచ్చిందనవచ్చును. మధిర సుబ్బన్న దీక్షితుల కాశీ మజిలీ కథలలోని ఒక కథకు, అల్లావుద్దీన్ అద్భుత దీపం కథలోని అంశాలను జోడించి పింగళి ఈ చిత్రానికి రచన చేశారు.

ఉజ్జయిని రాకుమారి ఇందుమతిని తోటమాలి కొడుకు రాముడు ప్రేమిస్తాడు. రాజుకు సమానమైన ఐశ్వర్యం సంపాదించి రమ్మని రాజు షరతు పెడతాడు. పాతాళ భైరవికి బలి ఇవ్వడానికి సాహసవంతుడైన యువకుని కోసం వెతుకుతున్న నేపాళ మాంత్రికుడు రాముని వెంట తీసుకుపోతాడు. మోసం గ్రహించిన రాముడు మాంత్రికునే బలి ఇచ్చి, కోరినది ప్రసాదించే ప్రతిమను పొందుతాడు. పెళ్ళి జరిగే సమయానికి శిష్యుడు సదాజప బ్రతికించిన మాంత్రికుడు, రాజుగారి బావమరిది ద్వారా ప్రతిమను అపహరింపజేసి, ఇందుమతిని తన కొండగుహకు రప్పించుకుంటాడు. అక్కడి నుండి కథ చెరలోని రాకుమారి కథ అవుతుంది.

కె.వి.రెడ్డి ప్రత్యేకత ఈ భాగంలో స్పష్టంగా కనిపిస్తుంది. రాకుమారిని విడిపించేది కేవలం కత్తి కాదు. కోరిన చోటికి చేర్చే పాదుకలు, మనిషిని కనబడకుండా చేసే శాలువ రాముడికి, అతని స్నేహితుడు అంజికి దక్కేది యుక్తి వల్లనే. అంజి సదాజప రూపం ధరించి, గడ్డం తీసివేస్తే రాకుమారి మెచ్చుతుందని మాంత్రికుని నమ్మించి క్షౌరం చేయిస్తాడు. మాంత్రికుని శక్తికి మూలమైన ప్రతిమ ఆ విధంగా చేజిక్కుతుంది. అంతవరకు ప్రేక్షకులను భయపెట్టిన మాంత్రికుడు ప్రేమ పిచ్చిలో గడ్డం పోగొట్టుకొని నవ్వులపాలవుతాడు. భయాన్ని పూర్తిగా పెంచిన తరువాతనే దానిని నవ్వుగా మార్చడం వల్ల ఆ హాస్యం కథకు అతికించినట్లుగా కాక, కథను ముందుకు నడిపేదిగా ఉన్నది. రాజు, సేనాపతులు చేయలేని పనిని ఒక తోటమాలి కొడుకు, అతని స్నేహితుడు చేయడం సామాన్య ప్రేక్షకులకు మరింత నచ్చిన విషయం.

ఎన్.టి.రామారావు తోట రాముడిగా, కె.మాలతి ఇందుమతిగా, ఎస్.వి.రంగారావు నేపాళ మాంత్రికుడిగా, బాలకృష్ణ అంజిగా, పద్మనాభం సదాజపగా నటించారు. బాలకృష్ణ ఆ తరువాత జీవితాంతం అంజిగాడు అనే పేరుతోనే వ్యవహరింపబడ్డారు. ఘంటసాల సంగీతం, మార్కస్ బార్‌ట్లే ఛాయాగ్రహణం, గోఖలే, కళాధర్‌ల కళాదర్శకత్వం చిత్రానికి వన్నె తెచ్చాయి. తెలుగు, తమిళ భాషలలో 1951లోనే విడుదలై, మరుసటి సంవత్సరం హిందీలోనూ వచ్చింది. 1952లో జరిగిన భారతదేశపు మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ప్రదర్శింపబడింది.

సాంఘిక చిత్రాలు

జానపద చిత్రాలలో అఖండ విజయం పొందిన వెంటనే కె.వి.రెడ్డి పెద్దమనుషులు (1954) తీశారు. నార్వే నాటక రచయిత ఇబ్సెన్ నాటకం ఆధారంగా డి.వి.నరసరాజు రచించిన ఈ చిత్రం, పెద్దమనుషులుగా చలామణీ అయ్యేవారి అవినీతిని ఎత్తి చూపింది. ప్రాంతీయ చిత్రాలకు ఇచ్చే రాష్ట్రపతి రజత పతకం దీనికి లభించింది. అన్నపూర్ణా సంస్థ మొదటి చిత్రమైన దొంగరాముడు (1955) కూడా ఆయన దర్శకత్వంలో వచ్చినదే. జయంతి పిక్చర్స్ పతాకంపై తీసిన పెళ్ళినాటి ప్రమాణాలు (1958) ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం పొందింది.

మాయాబజార్

మహాభారత పాత్రలతో అల్లిన శశిరేఖా పరిణయం కథకు మూల భారతంలో ఆధారం లేదు. నాటకాలుగా, సినిమాలుగా అప్పటికే ప్రజలకు తెలిసిన ఈ కథను కె.వి.రెడ్డి, పింగళి కొత్తగా మలచారు. మార్చి 27, 1957న తెలుగులో విడుదలైన ఈ చిత్రం తమిళంలో కూడా అదే సంవత్సరం వచ్చింది.

ఇక్కడ రాకుమారికి చెర మాంత్రికుని గుహ కాదు, పుట్టిల్లే. అభిమన్యునికి ఇస్తామన్న శశిరేఖను, పాండవులు సిరిసంపదలు కోల్పోగానే, తల్లిదండ్రులు దుర్యోధనుని కొడుకు లక్ష్మణకుమారునికి ఇవ్వ నిశ్చయించి, ఆమెను అభిమన్యునికి దూరంగా ఉంచుతారు. ఘటోత్కచుడు నిద్రిస్తున్న శశిరేఖను పాన్పుతో సహా తన ఆశ్రమానికి చేర్చి, తానే శశిరేఖ రూపంలో ద్వారకకు వస్తాడు. పాతాళ భైరవిలో మాయావి రాకుమారిని అపహరిస్తే, ఇందులో మాయావి రాకుమారిని విడిపించడానికి అపహరిస్తాడు. ఆడపిల్ల రూపంలో ఉండి రాక్షసుని హావభావాలు చూపవలసిన మాయాశశిరేఖ పాత్రను సావిత్రి అసాధారణంగా పోషించారు. కోరుకున్నది చూపించే ప్రియదర్శిని పేటిక, నిజం చెప్పించే సత్యపీఠం కూడా మనుషుల మనసుల లోపలి మాటను బయటపెట్టేందుకు ఉపయోగపడ్డాయి. మాయ కేవలం చిత్రవిచిత్ర ప్రదర్శన కాకుండా పాత్రల స్వభావాన్ని వెల్లడించాలన్నది ఈ చిత్రంలో అడుగడుగునా కనిపించే సూత్రం.

ఎన్.టి.రామారావు కృష్ణుడిగా, ఎస్.వి.రంగారావు ఘటోత్కచుడిగా, అక్కినేని నాగేశ్వరరావు అభిమన్యుడిగా నటించారు. పింగళి కల్పించిన అస్మదీయులు, తసమదీయులు, వీరతాడు వంటి మాటలు తెలుగువారి నిత్య సంభాషణలో చేరిపోయాయి. 2010లో ఈ చిత్రం రంగులలో మళ్ళీ విడుదలైంది.

జగదేకవీరుని కథ

1961 ఆగస్టులో విడుదలైన ఈ చిత్రంలో ఇంద్రుని కూతురు జయంతి (బి.సరోజాదేవి) స్నానానికి భూలోకానికి వచ్చినపుడు రాకుమారుడు ప్రతాప్ (ఎన్.టి.రామారావు) ఆమె చీరను దాచివేస్తాడు. చీర లేనిదే ఆమె స్వర్గానికి పోలేదు. చెరపట్టినవాడే నాయకుడు కావడం ఈ కథలోని చిక్కు. నేటి దృష్టితో చూసేవారికి ఇది అభ్యంతరకరంగా తోచవచ్చును. అయితే కథ అక్కడితో ఆగలేదు. చీర చేతికందగానే జయంతి స్వర్గానికి వెళ్ళిపోతుంది, ఆమె భూలోకానికి తిరిగి రావడం బలవంతం వల్ల కాక ప్రేమ వల్లనే జరుగుతుంది. రాజుగా రాజనాల, మంత్రిగా సి.ఎస్.ఆర్. పండించిన హాస్యం, పెండ్యాల సంగీతంలో ఘంటసాల పాడగా రామారావు ఐదు రూపాలలో కనిపించే గీతం చిత్రానికి ముఖ్య ఆకర్షణలు.

పనివిధానం

కె.వి.రెడ్డి చిత్రానువాదం పూర్తిగా సిద్ధం కానిదే చిత్రీకరణ మొదలుపెట్టేవారు కారు. సంభాషణలను చదివించి, స్టాప్‌వాచ్‌తో కొలిచి, ఒక్కొక్క దృశ్యం ఎంత నిడివి ఉండాలో ముందే నిర్ణయించేవారు. చిత్రీకరణ సమయంలో మాటలు మార్చడానికి ఒప్పుకునేవారు కారు. ఈ కట్టుబాటు ముఖ్యంగా మాయామంత్రాల కథలకు అవసరమైనది. గణక యంత్రాలు లేని ఆ రోజులలో మాయమవడం, రూపం మారడం వంటి దృశ్యాలను కెమెరాలోనే, ఒకే ఫిలింపై పలుమార్లు చిత్రించి సాధించవలసి వచ్చేది. నటుడు ఎక్కడ ఆగాలో, ఎంతసేపు కదలకుండా ఉండాలో ముందే తెలియకపోతే ఆ దృశ్యం చెడిపోయేది. హాస్యానికి కూడా క్షణాల లెక్క అంతే అవసరం. తెరపై తేలికగా కనిపించే నవ్వు వెనుక ఇంతటి గణితం ఉన్నది.

చివరి దశ

శ్రీకృష్ణార్జున యుద్ధం (1963) తరువాత ఆయనకు విజయాలు తగ్గాయి. సత్య హరిశ్చంద్ర (1965), ఉమా చండీ గౌరీ శంకరుల కథ (1968) ఆశించినంతగా ఆదరణ పొందలేదు. విజయా సంస్థతో ఆయన అనుబంధం రెండవ చిత్రంతో ముగిసింది. అదే సంవత్సరం వచ్చిన భాగ్యచక్రం కూడా ఆయనను నిలబెట్టలేకపోయింది. రంగుల చిత్రాలు, వేగంగా నడిచే సాంఘికాలు వస్తున్న కాలంలో తీరికగా, లెక్క ప్రకారం నడిచే ఆయన పద్ధతికి గిరాకీ తగ్గింది. ఏ క్రమశిక్షణ పాతాళ భైరవిని, మాయాబజార్‌ను సాధ్యం చేసిందో, మారిన పరిస్థితులలో అదే ఆయనను రక్షించలేకపోయింది.

ఎన్.టి.రామారావు తమ సొంత సంస్థ చిత్రం శ్రీకృష్ణసత్య (1971) కు ఆయననే దర్శకునిగా నియమించారు. కె.వి.రెడ్డికి అదే ఆఖరి చిత్రం. దాని రచయిత పింగళి నాగేంద్రరావు 1971 మే నెలలో, చిత్రం విడుదల కాకముందే కన్నుమూశారు. మరుసటి సంవత్సరం సెప్టెంబరు 15న కె.వి.రెడ్డి మరణించారు.

ప్రభావం

పాతాళ భైరవికి ఆయన వద్ద పనిచేసిన కమలాకర కామేశ్వరరావు తరువాత పౌరాణిక చిత్రాల దర్శకునిగా పేరు పొందారు. మాయాబజార్ కాలంలో సహాయకునిగా చేరిన సింగీతం శ్రీనివాసరావు, గురువు పోయిన ఇరవై యేళ్ళకు పైగా గడచిన పిమ్మట, భైరవద్వీపం (1994) తీశారు. మాంత్రికుడు రాకుమారిని మంత్రశక్తితో రప్పించుకోవడం, సామాన్యుల మధ్య పెరిగిన సాహసి ఆమెను విడిపించడం అందులోని కథ. జానపద చిత్రాలు దాదాపు కనుమరుగైన కాలంలో ఆ చిత్రం విజయవంతం కావడం, కె.వి.రెడ్డి వేసిన బాట ఇంకా చెరిగిపోలేదని తెలిపింది.

దర్శకత్వం వహించిన తెలుగు చిత్రాలు

భక్త పోతన (1943)
యోగి వేమన (1947)
గుణసుందరి కథ (1949)
పాతాళ భైరవి (1951)
పెద్దమనుషులు (1954)
దొంగరాముడు (1955)
మాయాబజార్ (1957)
పెళ్ళినాటి ప్రమాణాలు (1958)
జగదేకవీరుని కథ (1961)
శ్రీకృష్ణార్జున యుద్ధం (1963)
సత్య హరిశ్చంద్ర (1965)
ఉమా చండీ గౌరీ శంకరుల కథ (1968)
భాగ్యచక్రం (1968)
శ్రీకృష్ణసత్య (1971)