వెలివాడకు యూనివర్సిటీ ఇచ్చిన జవాబు

రోహిత్ వేముల 1989 జనవరి 30న గుంటూరు జిల్లాలో పుట్టాడు. దళిత తల్లి రాధికమ్మ కుట్టుమిషన్ మీద సంపాదించి ముగ్గురు పిల్లల్ని పెంచింది. రోహిత్ కూలి పనులు చేసుకుంటూ చదువుకుని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి వచ్చాడు. జేఆర్‌ఎఫ్ సాధించాడు. శాస్త్ర సాంకేతికత, సమాజం అనే అంశంలో పీహెచ్‌డీలో చేరాడు. మొదట ఎస్‌ఎఫ్‌ఐలో పనిచేసి, తర్వాత అంబేడ్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్‌లోకి వచ్చాడు.

2015 ఆగస్టులో ఏబీవీపీ నాయకుడొకరు తనపై దాడి జరిగిందని ఫిర్యాదు చేశాడు. రోహిత్‌తో సహా ఏఎస్‌ఏ విద్యార్థులు అలాంటిదేమీ జరగలేదన్నారు. కేంద్రమంత్రి బండారు దత్తాత్రేయ మానవ వనరుల శాఖకు లేఖ రాశారు. ఆ శాఖ నుంచి యూనివర్సిటీకి వరుసగా లేఖలు వెళ్లాయి. ఒకసారి ఉపసంహరించుకున్న సస్పెన్షన్ డిసెంబరులో మరో రూపంలో తిరిగొచ్చింది. ఐదుగురు దళిత విద్యార్థులు తరగతికి, లైబ్రరీకి వెళ్లవచ్చు. హాస్టల్లో ఉండకూడదు, పరిపాలనా భవనంలోకి రాకూడదు, గుంపుగా తిరగకూడదు, విద్యార్థి ఎన్నికల్లో పాల్గొనకూడదు. అప్పటికే రోహిత్‌కు నెలల తరబడి ఫెలోషిప్ అందడం లేదు.

ఈ శిక్షకు పాత పేరే ఉంది: వెలి. 2016 జనవరి తొలి రోజుల్లో ఐదుగురూ పరుపులు, అంబేడ్కర్ పటం పట్టుకుని షాపింగ్ కాంప్లెక్స్ దగ్గరికి వచ్చేశారు. ఫ్లెక్సీలు కట్టి గుడారం వేసి, దానికి వెలివాడ అని పేరు పెట్టారు. చలిలో అక్కడే పడుకున్నారు. రెండు వారాలు గడిచినా ఉత్తర్వులో ఒక్క అక్షరం మారలేదు. జనవరి 17న రోహిత్ స్నేహితుడి హాస్టల్ గదిలో ప్రాణం తీసుకున్నాడు.

జనవరి 21న మిగిలిన నలుగురి సస్పెన్షన్ ఎత్తేశారు. నాలుగు రోజుల్లో చేయగలిగిన పనిని అంతకుముందు ఎందుకు చేయలేదో ఆలోచించాలి. సెలవు మీద వెళ్లిన వైస్‌ ఛాన్స్‌లర్ మార్చి 22న తిరిగొచ్చారు. నిరసన తెలిపిన వాళ్ల మీద పోలీసులు లాఠీలు ఝళిపించి, విద్యార్థులతో పాటు అధ్యాపకులనూ జైలుకు పంపారు. క్యాంపస్‌లో మెస్‌లు మూతపడ్డాయి, నీళ్లు, ఇంటర్నెట్ ఆగిపోయాయి. 2017లో మొదటి వర్ధంతి రోజున యూనివర్సిటీ గేటు దగ్గర రాధికమ్మను పోలీసులు అదుపులోకి తీసుకున్నారు. 2019 జనవరిలో వెలివాడనే తొలగించారు.

మేము పరిశోధక విద్యార్థులం. క్యాంపస్‌లో గుడారం వేయడమంటే ఏమిటో మాకు తెలుసు. అన్ని గదుల తలుపులూ మూసుకున్నాకే ఎవరైనా ఆరుబయటకి వస్తారు. అలా వచ్చిన వాళ్లను శాంతిభద్రతల సమస్యగా చూసినంత కాలం రోహిత్ కథ ముగియదు. అందుకే రోహిత్ చట్టం కోసం అడుగుతూ ఇంకో రెండు మాటలు కలుపుతున్నాం. విచారణ పూర్తికాకుండా ఏ విద్యార్థి గదికీ తాళం పడకూడదు. గుడారం దగ్గరికి పోలీసుల కంటే ముందు వైస్‌ ఛాన్స్‌లర్ రావాలి.