మతి చెదరినవాని సాక్ష్యము: క్లిఫర్డ్ బీర్సు జీవితము

మతి చెదరినవాని మాటకు లోకమున విలువ యుండదు. దెబ్బలు తింటినని అతడు మొరపెట్టుకొన్నను, అదియు భ్రమయే యని త్రోసివేయుదురు. అట్టి మాటను అచ్చు వేయించి, చదువరులచే నమ్మించి, ఒక దేశమునకు కనువిప్పు గావించినవాడు క్లిఫర్డ్ విట్టింగ్‌హామ్ బీర్సు.

ఇతడు 1876 మార్చి 30వ తేదీన అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రమున న్యూ హేవెన్ నగరమందు జన్మించెను. అచ్చటి యేల్ విశ్వవిద్యాలయమున చేరుటకు కొలది కాలము ముందే అన్నగారికి మూర్ఛరోగము వచ్చెను. తనకును అదే గతి పట్టునను భయము బీర్సు మనస్సున నాటుకొనెను. 1897లో పట్టభద్రుడై ఉద్యోగమున ప్రవేశించినను ఆ భయము వీడలేదు. 1900 జూన్ నెలలో ఒకనాడు ఇంటి మేడమీది కిటికీ నుండి క్రిందికి దూకెను. ప్రాణము దక్కెను గాని పాదముల యెముకలు విరిగెను.

పిదప మూడేండ్లు మూడు చికిత్సాలయములలో గడచెను. అందు రెండు ప్రైవేటువి, ఒకటి ప్రభుత్వముది. పోలీసులు తన్ను వెంటాడుచున్నారనియు, చూడవచ్చు బంధువులు మారువేషమున నున్న గూఢచారులనియు అతడు నమ్మెను. తుదకు 1902 ఆగస్టులో తన సోదరుని పరీక్షింప దలచి, రహస్యముగ అతనికొక ఉత్తరము పంపెను. వచ్చునప్పుడు ఆ యుత్తరమునే వెంట తేవలయునని అందు వ్రాసెను. సోదరుడు వచ్చి జేబులో నుండి దానిని తీసి చూపెను. ఆ క్షణముననే భ్రమలు తొలగెను.

కాని విషాదము పోయిన చోట ఉద్రేకము ప్రవేశించెను. ఇట్లు రెండును మారి మారి వచ్చు రుగ్మతను నేటి వైద్యులు బైపోలార్ వ్యాధి యందురు. బీర్సు చుట్టుకాగితములను అతికించి పలు అడుగుల పొడవు లేఖలు వ్రాసెను. రోగుల పాట్లను కన్నులార చూచుటకై కావలెనని ఉగ్రరోగుల వార్డునకు పోయెను. అచ్చట చేతులు కదలకుండ బిగించు చొక్కాలో రాత్రులు గడపెను, సేవకుల దెబ్బలు తినెను, చలిగదిలో పడియుండెను. ఇదంతయు వ్రాసి గవర్నరునకు లేఖ పంపెను. 1903లో విడుదల పొందెను.

గ్రంథము వ్రాయవలెనను సంకల్పము అతనిని విడువలేదు. చిక్కు ఇచ్చటనే కలదు. 1905 ఆరంభమున ఆ సంకల్పమే అతని నెంత ఊపివేసెననగా, ఇది మరల వ్యాధి లక్షణమని ఇంటివారు భయపడిరి. వారి మాట మన్నించి అతడు స్వయముగ చికిత్సాలయమున చేరి, కొలది కాలమునకు నెమ్మదించి బయటికి వచ్చెను. ఆ పిమ్మటనే గ్రంథరచనకు పూనుకొనెను. షార్టుహాండు తెలిసినవారికి చెప్పి వ్రాయించి, పలుమారులు దిద్దెను. ఏ వాక్యమున ఆవేశము మితిమీరినను, చదువరి పుస్తకమును మూసి, వ్రాసినవాడు పిచ్చివాడే యనును. అందుచే కోపము ఎక్కువగ కలుగవలసిన చోటనే అతడు మాటలను ఎక్కువగ అదుపులో నుంచవలసి వచ్చెను.

పెద్దల అండ లేనిదే పుస్తకము నిలువదని గ్రహించి, వ్రాతప్రతిని ప్రసిద్ధ మనస్తత్త్వవేత్త విలియం జేమ్సునకు పంపెను. జేమ్సు చదివి 1906లో మెచ్చి లేఖ వ్రాసి, దానిని గ్రంథమున చేర్చుటకు అనుమతించెను. మానసిక వైద్యుడు అడాల్ఫ్ మేయర్ ప్రూఫులు చూచి సలహాలిచ్చెను. ఉద్యమమునకు మానసిక ఆరోగ్యమను అర్థమిచ్చు పేరును సూచించెను. 1908 మార్చిలో లాంగ్‌మన్స్ గ్రీన్ సంస్థ ఆ గ్రంథమును ప్రకటించెను. బీర్సు మారుపేరు పెట్టుకొనలేదు. తన పేరుతోనే, తనకు పిచ్చి పట్టినదని లోకమునకు చాటెను. ఉద్యోగము చేసి బ్రదుకవలసిన ముప్పది రెండేండ్ల యువకునకు ఇది సామాన్య సాహసము కాదు.

అదే ఏట మే నెలలో కనెక్టికట్‌లో మానసిక ఆరోగ్య సంఘము వెలసెను. 1909లో జాతీయ సంఘమేర్పడెను. అదియే నేడు మెంటల్ హెల్త్ అమెరికా యను పేర పనిచేయుచున్నది. 1930లో వాషింగ్టన్ నగరమున తొలి అంతర్జాతీయ మహాసభ జరిగెను. ఈ కార్యములకు బీర్సు మూడు దశాబ్దములు పాటుపడెను.

అయినను వ్యాధి అతనిని మరువలేదు. 1939లో తానే పోయి మరల చికిత్సాలయమున చేరెను. 1943 జూలై 9వ తేదీన ప్రావిడెన్స్ నగరమందు అచ్చటనే కన్నుమూసెను. పూర్తిగా నయమైనవాడే మాటాడవలెనని అతడు వేచియుండినచో, ఆ గ్రంథము ఎన్నటికిని వెలువడెడిది కాదు.