ముందు శిష్యుడు, తరువాత గురువు

వేసవి సెలవులు వచ్చినా, పదవ తరగతి పరీక్షలు దగ్గరపడినా మన హైస్కూళ్లలో, ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ప్రత్యేక శిక్షణా తరగతులు జరుగుతుంటాయి. ఒకరు లెక్కల్లో మెలకువలు చెబుతారు. ఇంకొకరు ఇంగ్లీషు నేర్పుతారు. మరొకరు వ్యక్తిత్వ వికాసం మీద మాట్లాడుతారు. పట్నం నుండి వచ్చిన ఆ ఉపాధ్యాయులను పరిచయం చేసేటప్పుడు వారి డిగ్రీలు, పనిచేసిన కళాశాలలు, అందుకున్న బహుమానాలు వరుసగా చదువుతారు. మంచిదే. తనకు రానిది ఎవరూ ఇతరులకు నేర్పలేరు గదా! అయితే ఒక ప్రశ్నకు మాత్రం ఆ పరిచయంలో జవాబు దొరకదు. ఎదుట కూర్చున్న ఈ పిల్లలను గురించి ఆయన ఎవరి వద్ద, ఎన్నాళ్లు నేర్చుకున్నారు?

పర్ణశాల, దుమ్ముగూడెం, భద్రాచలం పరిసరాల్లో ఈ ప్రశ్న చిన్నది కాదు. ఇక్కడ ఎందరో పిల్లలు ఇంట్లో కోయ భాష మాట్లాడి, బడిలో తెలుగు చదివి, శిక్షణా తరగతిలో ఇంగ్లీషు వింటారు. పుస్తకంలోని ఉదాహరణలో రైలుబండి ఉంటుంది, బ్యాంకు వడ్డీ ఉంటుంది. వారి ఇంటి లెక్కలేమో తునికాకు కట్టలతో, ఇప్పపూవు శేర్లతో నడుస్తాయి. చెప్పేవానికి ఈ సంగతి తెలియకపోతే చెప్పినది ఎంత గొప్పదైనా పిల్లల తలల మీదుగా వెళ్లిపోతుంది. గ్రహించేవాని పాత్రను బట్టే గ్రహింపు ఉంటుందని పునీత తోమాస్ అక్వినాస్ బోధించారు. కుండ ఆకారాన్ని బట్టే అందులోని నీరు నిలుస్తుందని మన పల్లెల్లో ఎవరిని అడిగినా చెబుతారు. రెండూ ఒకటే మాట.

ఈ మాటను తన జీవితంలో ఆచరించి చూపిన ఒక విదేశీయుని చరిత్ర మనం తెలుసుకోదగినది. ఆయన మన గోదావరి ఒడ్డున కూడా నివసించిన వ్యక్తి. పేరు క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్.

ఆయన 1909వ సంవత్సరం జూన్ 22న ఆస్ట్రియా రాజధాని వియన్నాలో ఒక ప్రభు కుటుంబంలో జన్మించారు. ఆ దేశంలో పేరుపొందిన థెరీషియానుమ్ విద్యాలయంలో చదివారు. వియన్నా విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రం అభ్యసించి 1931లో డాక్టరేటు పొందారు. ఆయన వ్రాసిన సిద్ధాంత గ్రంథం అస్సాం, బర్మా సరిహద్దు కొండజాతుల సామాజిక వ్యవస్థను గురించి. విచిత్రమేమంటే, ఆ గ్రంథం ముగించేనాటికి ఆయన ఆ కొండలను కంటితో చూడలేదు! గ్రంథాలయంలో కూర్చుని, ఇతరులు వ్రాసిన పుస్తకాలు చదివి వ్రాసినది అది. డిగ్రీ చేతికి వచ్చినది. ప్రజలు మాత్రం ఇంకా తెలియదు.

ఆ లోటు తీరడానికి ఆయనకు రెండు మెట్లు ఎక్కవలసి వచ్చినది. మొదటిది లండను. అక్కడ 1935లో మాలినోవ్‌స్కీ అనే సుప్రసిద్ధ ఆచార్యుని తరగతులకు హాజరయ్యారు. ఒక జాతిని తెలుసుకోదలచినవాడు వారి నడుమ కాపురముండాలి, దుబాసీల మీద ఆధారపడక వారి భాష నేర్వాలి, ఇదే ఆ ఆచార్యుని పద్ధతి. రెండవ మెట్టు నాగా కొండలు. 1936లో అక్కడికి చేరి కోన్యాక్ నాగాల గ్రామాల్లో ఏడాది కాలం గడిపారు. విశ్వవిద్యాలయపు డాక్టరు వెదురు ఇళ్లలో మరల మొదటి తరగతి విద్యార్థి అయినాడు. 1938లో ఆయన బెట్టీ బర్నార్డో అనే ఆంగ్ల వనితను వివాహమాడారు. ఆనాటి నుండి ఆయన చేసిన ప్రతి ప్రయాణంలో, ప్రతి గుడారంలో ఆమె సహచరి.

1939లో దంపతులిద్దరూ హైదరాబాదు సంస్థానానికి వచ్చారు. అంతలో రెండవ ప్రపంచ యుద్ధం మొదలైనది. ఆస్ట్రియాను అంతకు ఏడాది ముందే హిట్లరు జర్మనీలో కలిపివేశాడు గనుక హైమన్‌డార్ఫ్ చేతిలో ఉన్నది జర్మను పాస్‌పోర్టు. అంటే బ్రిటిషువారి లెక్కలో ఆయన శత్రుదేశీయుడు. నిజాం సంస్థానం ఎల్లలు దాటి పోరాదని ఆంక్ష పడినది. ఇంకొకరైతే దిగులుతో కూర్చునేవారేమో. ఆయన ఆ ఎల్లల లోపలనే ఉన్న అడవుల వైపు నడిచారు.

1940లో నల్లమల అడవుల్లో అమ్రాబాదు పీఠభూమిపై చెంచుల నడుమ ఉన్నారు. 1941లో మన గోదావరి లోయకు వచ్చి కొండరెడ్ల గ్రామాల్లో మకాం వేశారు. అప్పట్లో ఈ నది రెండు రాజ్యాలకు సరిహద్దు. ఇవతల ఒడ్డున భద్రాచలం, పర్ణశాల మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. అవతలి ఒడ్డున పాల్వంచ తాలూకా నిజాము ఏలుబడిలో ఉండేది. పాపికొండల నడుమ, కొయిదా వంటి పల్లెల్లో ఆయన కొండరెడ్ల పోడు వ్యవసాయాన్ని, పండుగలను, పెళ్లిళ్లను, దేవతలను, అప్పులను కూడా పరిశీలించారు. అదే 1945లో వెలువడిన ఆయన గ్రంథం. కొండరెడ్ల మాతృభాష తెలుగే. కనుక వారిని అణచినది భాష కాదు. కలప, వెదురు కంట్రాక్టర్లు బయానా ఇచ్చి వారిని కూలికి కట్టివేశారు. ఆ బాకీ ఎన్నటికీ తీరేది కాదు, ఎందుకంటే ఖాతా పుస్తకం షావుకారు చేతిలో ఉండేది, అప్పు తీసుకున్నవానికి అంకెలు రావు. ఇక్కడ హైమన్‌డార్ఫ్‌కు అక్షరం విలువ కొత్త కోణంలో కనబడినది. చదువురానివానికి పోయేది ఉద్యోగం మాత్రమే కాదు, అతని కూలి, అతని అడవి, అతని స్వేచ్ఛ.

ఆ తరువాత ఆయన ఆదిలాబాదు గోండుల వద్దకు వెళ్లారు. అంతకు కొద్దికాలం క్రితమే, 1940లో, జోడేఘాట్ వద్ద కొమురం భీం నిజాం పోలీసుల కాల్పుల్లో నేలకొరిగాడు. భూమి పోగొట్టుకున్న జాతి గుండె మండుతున్న కాలమది. హైమన్‌డార్ఫ్ దంపతులు మార్లవాయి అనే గోండు గ్రామంలో ఇల్లు కట్టుకుని ఉన్నారు. గోండీ నేర్చుకున్నారు. గోండుల పురాణగాథలను పాడే ప్రధానులు అనే వంశగాయకుల వద్ద కూర్చుని ఆ గాథలను వ్రాసుకున్నారు. అక్షరం రాని ఆ గాయకులు వందల సంవత్సరాల చరిత్రను నోటనే నిలుపుకున్నవారు. డాక్టరేటు పొందిన పండితునికి వారే గురువులైనారు.

అప్పటి సంస్థాన రెవెన్యూ మంత్రి గ్రిగ్సన్ స్వయంగా బస్తరు గోండులపై గ్రంథం వ్రాసినవాడు. ప్రభుత్వ సహాయం లభించినది. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయ శిక్షణా కేంద్రం ప్రారంభమైనది. ఇక్కడే హైమన్‌డార్ఫ్ ఎన్నిక మనం గమనించవలసినది. గోండు పిల్లలకు చదువు చెప్పించాలంటే ఆనాడు తేలికైన మార్గం ఒకటున్నది. పట్నం నుండి ఉర్దూలో పరీక్షలు ప్యాసైన మాస్టర్లను జీతమిచ్చి పంపడం. కాని అటువంటి మాస్టరుకు గోండీ రాదు, అడవి జ్వరం పడదు, గోండుల తిండి, నడవడి అంటే చిన్నచూపు. నెల తిరగకముందే బదిలీకి అర్జీ పెట్టుకుంటాడు. హైమన్‌డార్ఫ్ వేరే దారి పట్టారు. ఏదో ఒక విధంగా నాలుగక్షరాలు నేర్చుకున్న గోండు యువకులను వెదికి తెచ్చి, వారికే శిక్షణ ఇచ్చి, వారినే ఉపాధ్యాయులుగా తయారుచేయించారు. వారి విద్యార్హతలు చూస్తే ఏ బడివారూ ఉద్యోగం ఇవ్వరు. కాని ఆ ఊరి పిల్లవాడు ఎందుకు బడికి రాలేదో వారికి అడగకుండానే తెలుసు.

పాఠ్య పుస్తకాలు గోండీలో, దేవనాగరి లిపిలో తయారైనవి. పిల్లవాడు తనకు తెలిసిన మాటలతో చదవడం నేర్చి, ఆ తరువాత మరాఠీ, ఉర్దూ వైపు అడుగువేయాలని ఏర్పాటు. తెలిసినదాని నుండి తెలియనిదానికి. మార్లవాయిలో తయారైనది ఉపాధ్యాయులు మాత్రమే కాదు. పట్వారీ, అటవీశాఖ చిన్న ఉద్యోగాలకు కూడా గోండు యువకులు అక్కడ శిక్షణ పొందారు. అంతవరకు కచేరీ గుమ్మం బయట చేతులు కట్టుకుని నిలిచినవారి కొడుకులు కచేరీ లోపల కలం పట్టారు. 1945 నుండి హైమన్‌డార్ఫ్ నిజాం ప్రభుత్వానికి గిరిజన వ్యవహారాల సలహాదారుగా ఉండి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ బోధించారు. గిరిజనులకు భూమి పట్టాలు ఇప్పించడంలో, గిరిజన ప్రాంతాలకు ప్రత్యేక చట్టం రావడంలో ఆయన సలహాలకు పెద్ద పాత్ర ఉన్నది. కెస్లాపూర్ నాగోబా జాతరలో అధికారులే వచ్చి గిరిజనుల మొర వినే దర్బారు కూడా ఆయన చొరవతో మొదలైనదే.

ఈ కథలో చేదు భాగాన్ని కూడా చెప్పుకోవాలి. 1949లో ఆయన లండను విశ్వవిద్యాలయానికి చెందిన ప్రాచ్య, ఆఫ్రికా విద్యల కళాశాలలో అధ్యాపకులుగా వెళ్లారు. 1951లో అక్కడ ఆచార్య పదవి పొంది 1976 వరకు ఉన్నారు. ఇక్కడ సంస్థానం అంతరించినది. 1956లో ఆదిలాబాదు జిల్లా ఆంధ్రప్రదేశ్‌లో భాగమై బడుల్లో తెలుగు వచ్చినది. గోండీలో బోధన మూలబడినది. మరాఠీ నేర్చిన గోండులకు ఆ అక్షరాలు కొత్త కచేరీలో అక్కరకు రాలేదు. ఏళ్ల తరువాత మరల వచ్చి చూసిన హైమన్‌డార్ఫ్‌కు తాము ఇప్పించిన భూములు ఎన్నో బయటివారి చేతుల్లో కనిపించినవి. 1982లో వెలువడిన భారతదేశపు గిరిజనులను గూర్చిన తన గ్రంథంలో ఆ వేదనను దాచుకోకుండా వ్రాశారు. మంచి ఉపాధ్యాయుడు ఉంటే చాలదు, అతని వెనుక నిలిచే వ్యవస్థ కూడా ఉండాలి. పిల్లవాని ఇంటి భాషలో మొదలుపెట్టడం ఎంత అవసరమో, బయటి ప్రపంచపు తలుపు ఏ భాషతో తెరుచుకుంటుందో ఆ భాష దాకా చేయిపట్టి నడిపించడమూ అంత అవసరం. ఈ రెండింటిలో ఏది వదిలినా పిల్లవాడు నడిదారిలో మిగిలిపోతాడు.

బెట్టీ 1987 జనవరి 11న హైదరాబాదులో మరణించారు. ఆమె సమాధి మార్లవాయిలోనే ఉన్నది. హైమన్‌డార్ఫ్ 1995 జూన్ 11న లండనులో కన్నుమూశారు. తరువాత ఆయన అస్థికలు కూడా ఆమె సమాధి చెంతకు చేరినవి. వియన్నా ప్రభువంశంలో పుట్టినవానికి గోండు గ్రామం చివరి ఇల్లు అయినది. ప్రతి సంవత్సరం జనవరి 11న గోండులు అక్కడ చేరి తమ పద్ధతిలో వారిద్దరిని స్మరించుకుంటారు. ఆయన నివసించిన కొండరెడ్ల పల్లెలు కొన్ని నేడు పోలవరం జలాశయపు ముంపు ప్రాంతంలో ఉన్నాయి. ఆ పల్లెలు ఎలా బ్రతికాయో తెలుసుకోవాలంటే రేపటి పిల్లలు ఆయన పుస్తకాన్నే తెరవాలేమో.

ప్రియ పాఠకులారా, ఈ జీవితం నుండి మన శిక్షణా తరగతులకు పనికివచ్చే పాఠాలు తీసుకుందాం. డిగ్రీలను చులకన చేయనక్కర లేదు. హైమన్‌డార్ఫ్ తన చదువును పారవేయలేదు, దాని మీద ఇంకొక చదువు చదివారు. కనుక పట్నం నుండి వచ్చే ఉపాధ్యాయుని ఒకరోజు ముందుగా రమ్మందాం. ఒక కోయగూడెంలో రెండు ఇళ్ల అరుగుల మీద కూర్చోబెడదాం. ఆ పిల్లల తల్లులు ఏమి లెక్కిస్తారో, ఎలా లెక్కిస్తారో విననిద్దాం. మరునాటి ఆయన పాఠం వేరుగా ఉంటుంది. ఇంకొక మాట. ఇదే అడవి అంచున పుట్టి, ఆశ్రమ పాఠశాలలో చదివి, నేడు ఉపాధ్యాయులుగా, నర్సులుగా, అటవీ ఉద్యోగులుగా ఉన్నవారు మన మధ్యనే ఉన్నారు. వారిని వేదిక క్రింద కుర్చీలు సర్దే పనికి కాక వేదిక మీదికి పిలుద్దాం. లెక్కల పాఠంలో ఒక మెట్టు వారికి తెలియకపోవచ్చు. ఎదుటి పిల్లవాడు ఏ మెట్టు దగ్గర ఆగిపోయాడో మాత్రం వారికి తెలుసు, ఎందుకంటే ఒకనాడు వారూ అక్కడే ఆగారు.

ఈసారి శిక్షణా తరగతులకు కరపత్రం వేసేటప్పుడు ఉపాధ్యాయుని పేరు క్రింద డిగ్రీలతోపాటు ఒక పంక్తి ఖాళీ ఉంచండి. ఆయన ఈ ప్రాంతంలో ఎవరి దగ్గర ఏమి నేర్చుకున్నారో ఆ పంక్తిలో వ్రాయండి. వ్రాయడానికి ఏమీ లేకపోతే, తరగతి మొదలయ్యేలోపు ఆయనకు ఆ అవకాశం కల్పించండి.