బోదకాలు మాత్ర వెనుక భీమవరం బిడ్డ

భీమవరం: గోదావరి జిల్లాల్లో బోదకాలు మాట వినని ఊరు ఉండదు. 2004లో మొదలైన దేశవ్యాప్త కార్యక్రమం కింద ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి మింగించిన డి.ఇ.సి. మాత్ర చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ మందును కనిపెట్టిన పరిశోధకుల జట్టుకు పెద్ద మన భీమవరంలో పుట్టినవారేనన్న సంగతి మాత్రం ఎక్కువమందికి తెలియదు. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

కష్టాల చదువు

సుబ్బారావు 1895 జనవరి 12న జగన్నాథం, వెంకమ్మ దంపతులకు జన్మించారు. తండ్రి రెవెన్యూ శాఖ ఉద్యోగి. అనారోగ్యంతో ముందుగానే ఉద్యోగం మానుకుని కొంతకాలానికి మరణించారు. సుబ్బారావు మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసులో గట్టెక్కారు. మద్రాసు వైద్య కళాశాలలో ఉండగా గాంధీజీ పిలుపు విని ఖద్దరు కోటు తొడిగి ఆపరేషన్ గదికి వెళ్లారు. శస్త్రచికిత్స ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డ్‌కు అది గిట్టలేదు. చివరకు ఎం.బి.బి.ఎస్. బదులు, దానికంటే చిన్నదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతోనే సరిపెట్టుకోవలసి వచ్చింది.

అంతలో ఇద్దరు సోదరులు గ్రహణి వ్యాధితో కొద్దిరోజుల తేడాలో కన్నుమూశారు. అప్పటికి ఆ జబ్బుకు సరైన మందు లేదు. మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో కొంతకాలం పాఠాలు చెప్పిన సుబ్బారావు మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి, కాకినాడలోని సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయంతో అమెరికాలోని బోస్టన్ చేరారు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయారు. ఆయన మళ్లీ స్వదేశానికి రాలేదు.

నీలి రంగు చెప్పిన లెక్క

హార్వర్డ్‌లో చదువుకుంటూ, పొట్టగడవడానికి రాత్రిళ్లు ఆస్పత్రిలో చిన్న పనులు చేశారు. ఆచార్యుడు సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. కొన్ని రసాయనాలు కలిపితే ద్రవం నీలంగా మారుతుంది. నీలం ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువన్నమాట. ఫిస్కే-సుబ్బారావు పద్ధతిగా పేరుపొందిన దీన్ని ఆ తర్వాత వేలాది శాస్త్ర వ్యాసాలు ఉదహరించాయి. ప్రపంచంలోని ప్రయోగశాలలకు ఆయన పేరు ఎక్కువగా తెలిసింది దీనివల్లనే.

అదే పద్ధతి సాయంతో కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో, ఎ.టి.పి.ని 1929లో వారిద్దరూ వెలికితీశారు. ఎ.టి.పి.ని అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా కనుగొన్నారు. 1930లో డాక్టరేట్ వచ్చినా హార్వర్డ్‌లో శాశ్వత కొలువు దక్కలేదు.

మందుల పంట

1940లో సుబ్బారావు న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ కంపెనీ పరిశోధనశాలలో చేరారు. రెండేళ్లలో పరిశోధనలకు డైరెక్టరయ్యారు. రక్తం పట్టడానికి అవసరమైన ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసినట్లు 1945లో ఆయన జట్టు ప్రకటించింది. సోదరులను బలిగొన్న గ్రహణికి అది పనికివచ్చింది. నేడు గర్భిణులకు ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే ఐరన్ మాత్రలో ఉండేదీ అదే.

ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడే అమినోప్టెరిన్‌ను వారు తయారుచేయగా, రక్త క్యాన్సర్ పిల్లలకు డాక్టర్ సిడ్నీ ఫార్బర్ దాన్ని వాడి 1948లో ఫలితాలు ప్రకటించారు. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్‌ను క్యాన్సర్‌కు, కీళ్లవాతానికి నేటికీ వాడుతున్నారు. ఆరియోమైసిన్ అనే సూక్ష్మజీవి నాశకాన్ని అక్కడే డగ్గర్ కనిపెట్టారు.

బోదకాలు మందు 1947లో హెట్రజాన్ పేరుతో వచ్చింది. మొదట ఎలుకలపై, కుక్కలపై పరీక్షించారు. ఇది రక్తంలోని పిల్లపురుగులను చంపుతుంది. కాబట్టి దోమ ద్వారా జబ్బు మరొకరికి పాకదు. అయితే ముదిరిన వాపును ఇది తగ్గించలేదు. అందుకే కాలు వాచనివారు కూడా మాత్ర మింగాలని ఆరోగ్య సిబ్బంది చెబుతారు.

జట్టులో ఒక పేరు

ఈ మందుల వ్యాసాల్లో సుబ్బారావు పేరు పలువురి పేర్ల మధ్య ఒకటిగా మాత్రమే కనిపిస్తుంది. కీర్తిని పంచి ఇచ్చిన ఆయన 1948 ఆగస్టులో 53 ఏళ్ల వయసులో నిద్రలోనే కన్నుమూశారు. 1953లో ఒక శిలీంధ్రానికి ఆయన పేరు పెట్టారు. 1995లో భారత ప్రభుత్వం తపాలా బిళ్ల విడుదల చేసింది. మందు ఊరూరా చేరింది. రెండుసార్లు పరీక్ష తప్పి కుంగిపోయిన పిల్లలకైనా ఆ మందు వెనుక మనిషి సంగతి ఇంటి పెద్దలు చెప్పవలసి ఉంది.