మన పలకరాళ్లకు పేరు పెట్టిన డాక్టర్ కింగ్



డైనోసార్ల పుస్తకం చూసిన పిల్లలు ఇంట్లో తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. మన నల్లమల కొండల్లో డైనోసార్ అడుగుల గుర్తులు దొరుకుతాయా అని. తోచిన జవాబు చెప్పేసే ముందు, నూట యాభై ఏళ్ల కిందట ఈ రాళ్లను చదివిన ఒక శాస్త్రవేత్త గురించి తెలుసుకోండి. ఆయన పేరు విలియం కింగ్. సింగరేణి చరిత్ర చదివినవారికి ఆయన పరిచయమే. మన పలకరాళ్ల కథలోనూ ఆయన ఉన్నారు.

కింగ్ తండ్రి ఐర్లాండ్‌లోని గాల్వేలో భూగర్భ శాస్త్ర ప్రొఫెసర్. ఆయన పేరు కూడా విలియం కింగే. నియాండర్తల్ మానవుడికి 1864లో శాస్త్రీయ నామం పెట్టింది ఆ తండ్రే. కొడుకు మన దేశానికి వచ్చి, భారత భూగర్భ సర్వే సంస్థలో చేరి, మద్రాసు ప్రెసిడెన్సీలో పనిచేశారు. 1863లో రాబర్ట్ బ్రూస్ ఫుట్‌తో కలిసి మద్రాసు దగ్గర అత్తిరంపాక్కంలో ఆదిమానవుల రాతి పనిముట్లను గుర్తించారు.

తర్వాత కడప, కర్నూలు కొండలను సర్వే చేశారు. అప్పట్లో మార్కాపురం, కంభం ప్రాంతం కర్నూలు జిల్లాలోదే. రాతికి ఎన్నేళ్లో లెక్కగట్టే యంత్రాలు ఆ రోజుల్లో లేవు. ఏ పొర కింద ఉంది, ఏ పొర దాని మీద ఉంది, ఎటు వాలింది, ఇక్కడ మట్టిలో కలిసిపోయిన రాయి మళ్లీ ఎక్కడ పైకి తేలింది, ఇవన్నీ కొండ తర్వాత కొండ తిరిగి చూడాల్సిందే. అలా చూసినదంతా 1872లో పుస్తకంగా వచ్చింది. అందులో రాళ్ల వరుసలకు మన ఊళ్ల పేర్లే పెట్టారు. వేంపల్లె, తాడిపత్రి, శ్రీశైలం, కంభం! కంభం పేరును శాస్త్రవేత్తలు ఈ రోజుకీ వాడుతున్నారు. మన పలకరాయి ఆ కంభం వరుసలోదే.

ఇప్పుడు పిల్లల ప్రశ్నకు వద్దాం. పలకరాయి ఒకప్పుడు నీటి అడుగున పొరలు పొరలుగా పేరుకున్న సన్నటి బురద. కోట్ల ఏళ్ల ఒత్తిడికి గట్టిపడి రాయి అయింది. దాని వయసు వంద కోట్ల ఏళ్లకు పైమాటే. డైనోసార్లు పుట్టి సుమారు 23 కోట్ల ఏళ్లు. అంటే ఆ బురద పేరుకున్నప్పుడు దాని మీద నడవడానికి కాళ్లున్న జంతువు భూమి మీద ఏదీ లేదు! అందుకే మన పలకరాళ్లలో డైనోసార్ అడుగులు ఉండవు. కొన్ని రాళ్ల మీద కనిపించే చిన్న చిన్న గీతలు, గుంతలు పాతకాలపు అలలు వదిలినవి కావచ్చు.

పిల్లలు నిరాశపడనక్కర్లేదు. ఇదే కింగ్ గోదావరి లోయకూ వెళ్లారు. 1871లో ఇల్లందు దగ్గర బొగ్గును గుర్తించారు. సింగరేణి గనుల కథ అక్కడే మొదలైంది. ప్రాణహిత, గోదావరి లోయ రాళ్ల మీద 1881లో ఇంకో పుస్తకం రాశారు. ఆ రాళ్లు మనవాటికంటే చాలా చిన్నవి, డైనోసార్ల కాలం వాటిలో ఉంది. పాత ఆదిలాబాద్ జిల్లా మలేరి రాళ్లలో పారాసుకస్ అనే జంతువు ఎముకలు దొరికాయి. అది చూడ్డానికి అచ్చం మొసలి, నిజానికి మొసళ్లకు దూరపు చుట్టం. అదే జిల్లా యామన్‌పల్లిలో దొరికిన కోటాసారస్ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది. సెలవుల్లో తప్పక చూపించండి. ఇక అడుగుల గుర్తులంటారా, అవి మన దేశంలోనే రాజస్థాన్ జైసల్మేర్ దగ్గర థయాత్‌లో దొరికాయి.

కింగ్ 1887 నుంచి 1894 వరకు సర్వే సంస్థకు డైరెక్టర్‌గా ఉన్నారు. 1900లో కన్నుమూశారు. మన రాళ్ల వయసు ఎన్ని కోట్ల ఏళ్లో ఆయన కాలంలో ఎవరూ చెప్పలేకపోయారు. కానీ ఏది ముందు, ఏది తర్వాత అన్నది ఓపికగా రాసి పెట్టారు. వయసులు తేల్చినవాళ్లు తర్వాత వచ్చారు.

పిల్లల ప్రశ్నకు ఒక్కోసారి జవాబు లేదు అనే వస్తుంది. ఎందుకు లేదో తెలుసుకోవడం కూడా చదువే. పరీక్షలో ఆ ప్రశ్న రాదని పక్కన పెట్టేయకండి.

ఈ ఆదివారం మీ పిల్లలతో చేయండి:

1. ఇంట్లో పాత రాతి పలక ఉంటే దాని అంచును భూతద్దంతో చూపించండి. పొరలు కనిపిస్తాయేమో వెతకమనండి.

2. పలకల ఫ్యాక్టరీలో పనిచేసిన తాతయ్యో అమ్మమ్మో ఉంటే, రాయిని పొరలుగా ఎలా చీలుస్తారో పిల్లలకు చెప్పమనండి. ఏ రాయి ఎటు చీలుతుందో వాళ్ల చేతులకు తెలుసు.

3. క్వారీ గుంతల దగ్గరికి పిల్లల్ని ఒంటరిగా పంపకండి.

పిల్లలు విన్నది, చూసినది నోట్‌బుక్‌లో రాసి సోమవారం క్లాసుకు తెస్తే అందరం కలిసి చదువుకుందాం.