బోదకాలి మందు నొసగిన యల్లాప్రగడ సుబ్బారావు

దోమకాటు మిక్కిలి చిన్నది. కాని మురుగునీటిలో పెరుగు క్యూలెక్స్ దోమ కుట్టినపుడు దేహములో జొరబడు సూక్ష్మమైన పురుగులు రసనాళములను చెఱచి, ఏండ్లు గడచిన పిమ్మట కాలిని స్తంభమువలె ఉబ్బించును. కోస్తా జిల్లాల ప్రజలను తరతరములుగా పీడించిన బోదకాలు ఇదియే. నేటికిని దీనికి వాడుచున్న ముఖ్యౌషధము యల్లాప్రగడ సుబ్బారావుగారి పరిశోధనాలయమునుండి వెలువడినది.

వారు 1895 జనవరి 12న భీమవరములో జన్మించిరి. ఇంట దారిద్ర్యము. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండు మారులు తప్పి, మూడవ మారు కృతార్థులైరి. మదరాసు వైద్య కళాశాలలో చదువుచు గాంధీజీ పిలుపు విని ఖద్దరు ధరించిరి. అది శస్త్రచికిత్స బోధించు ఆంగ్లేయ ఆచార్యునకు కంటగింపయ్యెను. అందుచే ఎం.బి.బి.ఎస్.కు బదులు, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టము మాత్రమే దక్కెను. స్ప్రూ అను పేగుల వ్యాధితో అన్నగారు మరణించుట వారి హృదయమును గాఢముగా కలచెను.

పిదప అమెరికా కేగి హార్వర్డులో చేరిరి. దేహద్రవములలోని భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ఫిస్కేతో కలసి ప్రకటించిరి. జీవకణములకు శక్తినిచ్చు ఏ.టి.పి. అను పదార్థమును 1929లో వెల్లడించిరి. అయినను అచ్చట స్థిరమైన ఆచార్యపదవి లభింపలేదు. 1940లో లెడర్లే పరిశోధనాలయమునకు మారిరి. అచ్చటి వారి బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. అన్నగారిని బలిగొన్న స్ప్రూ వ్యాధికి అది మందయ్యెను. 1947లో బోదకాలి క్రిములను రక్తమునుండి తొలగించు హెట్రజాన్ వెలువడెను. డై ఇథైల్ కార్బమజైన్ అనునది దీని అసలు పేరు.

1948లో వారి నాయకత్వమున డుగ్గర్ అను శాస్త్రజ్ఞుడు ఆరియోమైసిన్‌ను ప్రకటించెను. టెట్రాసైక్లిన్ మందులలో అదియే మొదటిది. గుంటూరు, ప్రకాశం జిల్లాలలో ప్రత్తి, మిరప చేల గట్లపై గడ్డిలోను పొదలలోను దాగియుండు కంటికానని పురుగు కుట్టినచో స్క్రబ్ టైఫస్ జ్వరము రాగలదు. కుట్టినచోట నల్లని చెక్కు కట్టుట దాని గుర్తు. అందుకు వైద్యులిచ్చు డాక్సీసైక్లిన్ ఈ కుటుంబములోనిదే.

ఆ 1948 ఆగస్టులోనే, తిరిగి స్వదేశమును చూడకయే, ఏబదిమూడవ యేట సుబ్బారావుగారు అమెరికాలో కన్నుమూసిరి. 2004 మొదలుకొని మన ప్రభుత్వము బోదకాలు గల జిల్లాలలో ఇంటింట పంచిన మాత్ర వారి పరిశోధనాఫలమే. అయితే ఆ మాత్ర రక్తములోని క్రిములను చంపునే గాని, ఉబ్బిన కాలిని పూర్వస్థితికి తేజాలదు. దోమ పుట్టు మురుగుగుంటను పూడ్చుట మందుల పని కాదు. అది ఊరివారి పని.